కూజాలో ఇద్దరు

సున్నం గాలి పీల్చుకుని రాయి అవుతుంది. ఇంటర్మీడియెట్ కెమిస్ట్రీలో ఈ ముక్క రాస్తే రెండు మార్కులు వేసేవాళ్లు. ఆ రెండు మార్కుల ముక్క మీదే నేను ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను, ఒక గచ్చు మేస్త్రిని పెళ్లి చేసుకున్నాను, పదిమందిలో పేరు తెచ్చుకున్నాను, ఆ పేరు నా చేత్తో నేనే చెరుపుకున్నాను. మొదటి మూడూ ఎవరడిగినా సరదాగా చెబుతాను. నాలుగోది చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

బయటి గోడకి వేసిన సున్నం ఊరందరి గాలీ పీలుస్తుంది. అదే ఇరుకు మూతి ఉన్న గుంటలోకి ఒక మనిషి దిగి గచ్చు చేస్తే, తడి సున్నానికి దొరికేది ఎక్కువగా ఆ మనిషి వదిలిన ఊపిరే. అందులో ఆ మనిషి తిన్న తిండి జాడ ఉంటుంది. వరి, గోధుమ తిన్నవాళ్ల కర్బనం ఒక తీరు. జొన్న, మొక్కజొన్న తిన్నవాళ్లది ఇంకో తీరు. వెంట్రుక మందాన పొర చెక్కి, కాల్చి, వచ్చిన గాలిని తూచి, గుంటలో ఎందరున్నారు, ఏం తిన్నారు అని చెప్పే యంత్రాన్ని నేను తయారు చేశాను. దానికి కాగితాల మీద బారెడు పేరుంది. మా ఆయన ఓబులేసు దాన్ని ‘ముక్కు’ అన్నాడు. అదే స్థిరపడిపోయింది.

ఆ ముక్కుని పట్టుకుని నేను చాక్‌నాబ్ చేరాను. చాక్‌నాబ్ గ్వాటెమాలా అడవిలో ఉన్న మాయా నగరం, పన్నెండు వందల ఏళ్ల కిందట ఖాళీ అయిపోయింది. అక్కడ నది లేదు. వాగు లేదు. కింద అంతా సున్నపురాయి కాబట్టి బావి తవ్వినా నీళ్లు పడవు. ఆరు నెలలు వాన, ఆరు నెలలు ఎండ. అలాంటి చోట వేలమంది ఎలా బతికారని అడిగితే తవ్వకాల పెద్ద, డాక్టర్ ఇబార్రా, “వాన రానివ్వండి, చెబుతాను” అన్నాడు.

వాన మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఆయన నా చెయ్యి పట్టుకుని గుడి ముందున్న మైదానంలోకి లాక్కెళ్లాడు. చూడటానికి బల్లపరుపుగా ఉన్న నేల అది. నీళ్లు పడగానే తెలిసింది, మొత్తం ఒక మూలకి వాలి ఉంది. నీళ్లన్నీ చేరి ఆ మూలకి నడిచాయి. ఎత్తయిన తెల్ల రోడ్డు కింద తూములో దూరాయి. ముందు ఒక చిన్న తొట్టిలో ఆగి బురద దించుకుని, తర్వాత పెద్ద చెరువులోకి పోయాయి. హైదరాబాదులో గంట వాన పడితే మా వీధిలో స్కూటర్లు తేలతాయి. ఇక్కడ వెయ్యేళ్లకు పైగా ఊడ్చే దిక్కులేని నేల మీద చారెడు నీళ్లు నిలవలేదు. నేను గొడుగు పడేసి చూస్తూ నిలబడ్డాను.

పెద్ద చెరువు ఊరందరిదీ. అది కాక, ప్రతి ఇళ్ల గుంపుకీ ముంగిట నేలలో తొలిచిన ఒక కూజా ఉంది. వాళ్ల మాటలో చుల్తూన్. మూతి రెండడుగులు, లోపల కడుపు మూడు నిలువుల లోతు. ముంగిలి కూడా దాని మూతి వైపే వాలి ఉంటుంది. సున్నపురాయి నీళ్లు తాగేస్తుంది కాబట్టి ఏటా వానల ముందు ఎవరో ఒకరు లోపలికి దిగి గచ్చు పూత వెయ్యాల్సిందే. ఏడాదికో పూత. ఒక్కో పూతలో ఆ ఏడాది దిగినవాళ్ల ఊపిరి.

రెండేళ్లలో నలభై మూడు కూజాలు చదివాను. ఊరు బాగున్న రోజుల్లో ప్రతిదానిలోనూ ఇద్దరో ముగ్గురో ఉన్నారు. తర్వాత వానలు తప్పాయి. ఒక్కో పేటలో పూతలు ఆగిపోతూ వచ్చాయి. జనం వెళ్లిపోయారు. తెల్ల రోడ్డు చివర ఉన్న నలభై మూడో కూజాలో మాత్రం, ఊరంతా ఆగిపోయాక కూడా పదకొండు పూతలున్నాయి. పదకొండింటిలోనూ ఇద్దరి ఊపిరి. ఒకరు మొక్కజొన్న, చిక్కుళ్లు, వేట మాంసం తిన్నారు. రెండోవారు మొక్కజొన్న తప్ప ఇంకేమీ తినలేదు.

ఇంకేం కావాలి పత్రికలకి? ‘చివరి ఇద్దరు’ అని పేరు పెట్టేశారు. ఖాళీ అయిన మహానగరంలో పదకొండేళ్లు ఒకరికొకరుగా మిగిలిన భార్యాభర్తలు. ఉన్న కాసిని చిక్కుళ్లూ అతనికే పెట్టి తను ఉత్త మొక్కజొన్నతో గడుపుకున్న ఇల్లాలు. దగ్గరి పట్నంలో మ్యూజియం కడుతున్నారు, అందులో ఒక గదంతా ఈ ఇద్దరికే. ఎక్కడెక్కడివాళ్లో ఉత్తరాలు రాశారు. చదివి నేనూ ఏడ్చాను. నా ఏడుపుకి వేరే కారణం ఉంది.

ముక్కుకి ముందుగా పాఠం చెప్పాలి. లోపల ఎందరున్నారో మనకి తెలిసిన గోడని చూపించి, ఒకరంటే ఇంత, ఇద్దరంటే ఇంత అని నేర్పాలి. ఆ పాఠం గోడ తాడిపత్రి అవతల, మా మరిది వన్నూరప్ప సున్నపుబట్టీకి కొంచెం దూరంలో ఉంది. కట్టింది ఓబులేసు. వాళ్లది తాతల నాటి నుంచీ గచ్చు పని. కోటల్లో, పాత గుళ్లలో నీళ్ల తొట్లు బాగుచేయడంలో అతనికి పేరు. నేను తెనాలి పిల్లని. పెళ్లయ్యేదాకా జొన్నరొట్టె ముఖం చూడలేదు. పాఠానికి మేమిద్దరం అతికినట్టు సరిపోయాం, రొట్టె ఊపిరి అతనిది, అన్నం ఊపిరి నాది. రాత్రిళ్లు అతనితో పాటు నేనూ రొట్టె తింటాను కాబట్టి నాది కొంచెం కలగాపులగం, అంతే.

“అంటే ఏమి తిన్నేది గోడకు తెలిసిపోతాదా?” అని ఓబులేసు నవ్వాడు. “అట్లయితే నీకు తెలీకుండా మిర్చి బజ్జీలు తినే దానికి లేదు.”

మే నెల. మాయావాళ్ల కొలతలతోనే నేలలో కూజా తవ్వించాం. రోజుకో వరస చొప్పున తొమ్మిది రోజుల పని. మొదటి రోజు అతను నిచ్చెన మీద నిలబడి, దిగకుండా నా వంక చూశాడు.

“నువ్వు ఈడ మూతి కాడ బోర్లా పండుకోని మాట పట్టల్ల” అన్నాడు.

“మాట పట్టడమంటే?”

“ఊరికే మాట్లాడతా ఉండల్ల. నేను లోపల్నుంచి ఊ కొడతా ఉంటా. ఊ ఆగిందంటే తాడు లాగల్ల. సున్నం గుంటలో ఎవురూ ఒక్కరే దిగరు. దిగితే మా నాయన తాపీ ఎత్తి కొడతాండె.”

“ఏం మాట్లాడను?”

“నీకు మాటలు కరువా తల్లీ!”

రెండు రోజులు మాట్లాడాను. మా కాలేజీ గొడవలు, మా పిన్ని పెట్టిన కేసులు, చూసిన సినిమాలు, చూడని సినిమాలు. గుంటలోంచి ఊ, ఊ అని వినబడుతూనే ఉంది. ముక్కు గురించి కూడా ఉన్నదంతా చెప్పాను. మధ్యమధ్య అతను అడిగే ప్రశ్నలు మా పీహెచ్‌డీ పిల్లలు కూడా అడగరు. “ఊపిరి ఒగటేనా, పులిసిన పిండి పొంగినప్పుడు వచ్చే గాలి గూడా అంతేనా?” అని అడిగాడు. అంతే అన్నాను.

మూడో రోజు ఎండ నలభై నాలుగు. ప్రాజెక్టు కాగితాలు పంపడానికి గడువు దగ్గరపడింది. లాడ్జి గదిలో ఏసీ ఉంది. “అరగంటలో వస్తాను” అన్నాను.

“పో పో. నేనేమన్నా సంటిపిల్లోణ్నా?” అన్నాడు లోపల్నుంచే.

సాయంత్రం ఐదుకి వెళ్లాను. నాలుగో రోజూ అంతే. ఐదో రోజు నుంచి అరగంట అని అబద్ధం చెప్పడం కూడా మానేశాను. వన్నూరప్ప పొద్దున్నే సున్నం దింపి బట్టీకి వెళ్లిపోయేవాడు. ఓబులేసు ఒక్కడే దిగేవాడు, ఒక్కడే ఎక్కేవాడు. రోజువారీ పట్టిక నేను మొదటి రోజే తయారు చేసి పెట్టుకున్నాను. లోపల ఒకరు, మూతి దగ్గర లోపలికే ఊపిరి వదులుతూ పైన ఒకరు, మొత్తం ఇద్దరు. తొమ్మిది రోజులకీ అదే ఉంది. దిద్దలేదు.

ఎనిమిది నెలలకి ఓబులేసు పోయాడు. ముప్పై ఏళ్ల సున్నం దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు. ఆఖరి వారాల్లో ఊ అనడానికి కూడా ఆయాసపడేవాడు. నేను మంచం పక్కనే కూర్చుని రోజంతా మాట్లాడేదాన్ని. అప్పుడు నాకు ఏ గడువులూ అడ్డం రాలేదు.

అతను పోయిన నెలకి పాఠం గోడ చదివాం. ముక్కు తొమ్మిది వరసలకీ ఇద్దరని చెప్పింది. పట్టికతో అచ్చుగుద్దినట్టు కలిసిందని అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేని ఏడు రోజులూ నేను ఉన్నానని గోడ సాక్ష్యం చెబుతోంది. ఇంకొకటి కూడా కనబడింది. మొదటి రెండు వరసల్లో పై మనిషి ఊపిరి నాలాగే కలగాపులగం. మూడో వరస నుంచి ఉత్త అన్నం ఊపిరి. రోజూ రాత్రి రొట్టె తిన్నదాన్ని నేను. ఆ క్షణాన ఆగి ఆలోచించాల్సింది. ‘ఆహారంలో స్వల్ప మార్పు’ అని అడుగున చిన్న అక్షరాలతో రాసి పేజీ తిప్పేశాను.

ఎందుకంటే ఆ పేజీ నాకు కావాలి. మాకు పిల్లల్లేరు. ఇరవై రెండేళ్ల కాపురంలో సగం నేను ఊళ్లు తిరిగాను, సగం అతను గుంటల్లో ఉన్నాడు. మేమిద్దరం తొమ్మిది రోజులు ఒకరిని ఒకరు వదలకుండా ఉన్నామని చెప్పేది లోకంలో ఆ గోడ ఒక్కటే. అబద్ధమని తెలిసీ దాన్ని పట్టుకుని పడుకునేదాన్ని.

చాక్‌నాబ్‌లో మా వంట దోన్యా ఫిలోమెనా చూసేది. దోన్యా అంటే మన ‘అమ్మగారు’ లాంటి మర్యాద. అరవై దాటిన మాయా ఆవిడ, భర్త లేడు. నా స్పానిష్ విని నవ్వకుండా ఉండే మనిషి ఆ క్యాంపులో ఆవిడొక్కతే. ఒక ఉదయం పొయ్యి గట్టుకి కొత్త పూత వేస్తూ, మొక్కజొన్నలు ఉడికించిన నీళ్లు చెంబుతో సున్నంలో పోస్తోంది. నీళ్లు రెండు రోజులు నిలవున్నట్టున్నాయి, పులిసిన వాసన వస్తోంది.

“అవెందుకు?” అన్నాను.

“గట్టిగా పట్టుకుంటుంది డాక్టరమ్మా. చెట్టు బెరడు రసమైతే ఇంకా మంచిది. కానీ బెరడు కొట్టాలి, దంచాలి, పిండాలి. ఇద్దరు ముగ్గురు కావాలి. నాలాగా ఒంటిగా ఉన్నదానికి ఇదే గతి.”

తడి సున్నం మీద బుడగలు లేచి పగులుతున్నాయి. నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టి వంగి చూశాను. పులిస్తే గాలి పుడుతుంది. ఆ గాలి ఉత్త మొక్కజొన్న గాలి. మొక్కజొన్న తప్ప ఇంకేమీ తినని ఇల్లాలి ఊపిరి అచ్చంగా అలాగే ఉంటుంది.

గంజి ఉందో లేదో చూడటానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఇది కూడా ఇంటర్మీడియెట్ ముక్కే. నలభై మూడో కూజా పెచ్చులో చిటికెడు పొడి తీసి, ఫిలోమెనా దగ్గర వెనిగర్ అడిగి తడిపి, మందుల పెట్టెలోని టించర్ అయోడిన్ ఒక చుక్క వేశాను. గోధుమరంగు చుక్క నల్లనీలంగా తిరిగింది. పదకొండు పూతలూ అంతే. మిగతా కూజాల్లో పది పెచ్చులు తీసి వేశాను. ఒక్కటీ రంగు మారలేదు.

పోల్చి చూడటానికి గంజి లేదని నాకు రూఢిగా తెలిసిన సున్నం కూడా పక్కన ఉండాలి. తాడిపత్రి గోడ పెచ్చులు తొమ్మిది, ముక్కుని సరిచూసుకోవడానికి ఎప్పుడూ నా దగ్గరే ఉంటాయి. తెల్ల పళ్లెంలో తొమ్మిదింటినీ వరసగా పెట్టాను. మొదటిది, గోధుమరంగు. రెండోది, గోధుమరంగు. మూడోది నీలం. నాలుగోది నీలం. చివరిదాకా నీలమే.

వన్నూరప్పకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం ఆరున్నర, బట్టీ దగ్గరే ఉన్నాడు.

“ఏం వదినా, బాగుండావా? అడివిలో తిండి గిండి దొరుకుతాందా?”

“వన్నూరప్పా, ఆ గుంట కట్టినప్పుడు మీ అన్న సున్నంలో ఏం కలిపాడు?”

గొంతు తగ్గించాడు.

“బెల్లం, కరక్కాయ వద్దని నువ్వే కదా చెప్పిండేది. ఉత్త సున్నమే దింపినా.”

“మూడో రోజు నుంచి?”

“నీకు చెప్పొద్దన్న్యాడు వదినా.”

“మీ అన్న పోయి ఐదేళ్లయింది. ఇప్పుడు చెప్పు.”

“గంజి. మీ తోడికోడల్ని అడిగి రోజూ పులిసిన గంజి కడవ నిండా తెప్పిచ్చుకున్న్యాడు. నాకు కోపమొచ్చింది. ఇంటికి ఏసే సున్నంలో గంజి కలుపుతారు గానీ నీళ్ల తొట్టికి ఎవుడన్నా కలుపుతాడా, పాచి పట్టిపోదా అని అరిచినా. అన్న ఏమన్న్యాడంటే, ‘ఆయమ్మ పైన లేదని ఆ ముక్కుకు తెలిసిపోతే నలుగుర్లో ఆయమ్మకు మాట వస్తాదిరా. అన్నం గాలి ఉంటే ఆయమ్మ ఉన్నట్టే లెక్క. నువ్వు నోరు మూసుకో’ అన్న్యాడు.”

ఎలా పెట్టేశానో గుర్తులేదు. ఆ పళ్లెం ముందే కూర్చుని గట్టిగా ఏడ్చాను. అతను రొట్టెలు తిని, పైన మాట లేని గుంటలోకి దిగి, నేను లేని లోటు గంజితో పూడ్చి, సాయంత్రం నేను వస్తే “పని అయిపాయ పా” అన్నాడు. ప్రపంచానికి పాఠాలు చెప్పిన నా యంత్రం నేర్చుకున్న మొదటి పాఠం గంజినీళ్లని మనిషి అనుకోవడం. పాఠం చెప్పింది నేనే.

డాక్టర్ ఇబార్రాకి ఆ మధ్యాహ్నమే చెప్పాను, గంజి సంగతీ, నా సంగతీ. ఆయన మంచివాడు. మ్యూజియం తెరవడానికి మూడు వారాలే ఉన్నా నా మీద అరవలేదు. అటూ ఇటూ చాలాసేపు తిరిగాడు.

“ఇందుమతిగారూ, ఎవరికి నష్టం చెప్పండి? ఎప్పుడో చచ్చిపోయిన ఒక మనిషికి మనం తోడు ఇచ్చాం. ఆ పట్టికని ఇక ఎవరూ తిరగేసి చూడరు. మీ భర్త కూడా అదే కోరుకున్నాడు.”

అదే నన్ను పట్టి ఆపింది. ఓబులేసు కోరుకున్నది అదే. దిద్దితే అతను నాకోసం చేసిన పని వృథా. దిద్దకపోతే ఆ గోడలో ఇద్దరం అలాగే ఉంటాం, కూజాలో ఆ ఇద్దరూ అలాగే ఉంటారు, నేను చచ్చేదాకా మ్యూజియంలో ఆ గది ముందు నిలబడి కళ్లు తుడుచుకోవచ్చు. నిజం చెబుతున్నాను, ఒక రోజంతా నేను దిద్దకూడదనే అనుకున్నాను.

మర్నాడు ఉదయం నలభై మూడో కూజాలోకి దిగాను. పైన ఫిలోమెనా కూర్చుంది. గోడ మీద టార్చి వేస్తే తాపీ వాట్లు కనబడ్డాయి. ఎడమచేతి వాటం మనిషి. పెచ్చులూడిన చోట కింది పూతల వాట్లు పొడుగ్గా, బలంగా ఉన్నాయి. పదకొండో పూతకి వచ్చేసరికి పొట్టివైపోయాయి, చెయ్యి పైకి లేవక భుజం ఎత్తు దాటలేదు. ఊరంతా పోయాక, ముంగిలి వాలు ఊడ్చుకుని, సున్నం కాల్చుకుని, నిచ్చెన దింపుకుని, పైన పలికే దిక్కు లేకుండా పదకొండేళ్లు ఈ మనిషి ఒక్కరే దిగి ఈ పని చేశారు. ఆ కష్టంలో సగం మేము గంజినీళ్లకి రాసిచ్చేశాం. తాడిపత్రిలో ఏడు రోజుల ఒంటరితనాన్ని నేను నాతో పంచుకున్నట్టు రాసుకున్నాను. అది నాది కాదు. అతనిది.

“డాక్టరమ్మా, ఉన్నావా?” అని పైనుంచి ఫిలోమెనా అరిచింది.

“ఉన్నాను” అన్నాను. పైకొచ్చి ఆవిడకి అంతా చెప్పాను. “ఒక్కరేనా!” అంది ఆవిడ, తన మనిషి గురించి విన్నట్టు.

పట్టికలో ఏడు వరసలు దిద్దాను. రెండు తీసి ఒకటి, ఏడుసార్లు. ముక్కు మళ్లీ పాఠం నేర్చుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. నలభై రెండు కూజాల్లో ఒక్క అంకె మారలేదు. ఊరు ఊరంతా ఇద్దరేసి ముగ్గురేసిగా తమ కూజాల దగ్గర అలాగే ఉన్నారు. నలభై మూడో దానిలో మాత్రం రెండో మనిషి లేచి వెళ్లిపోయింది. పదకొండు పూతలు, పదకొండు ఒకట్లు.

మ్యూజియం గదికి తాళం వేశారు. ఉత్తరాలు రాసినవాళ్లలో కొందరు తిడుతూ మళ్లీ రాశారు. నా వ్యాసం అచ్చయిన శాస్త్ర పత్రికకి దిద్దుబాటు ప్రకటన నేనే రాసి పంపాను. “పాఠం గోడ మూడో వరస నుంచి తొమ్మిదో వరస దాకా కట్టిన రోజుల్లో గుంటలో ఉన్నది ఒక్కరే, గచ్చు మేస్త్రి బి. ఓబులేసు. పైన కూర్చుని మాట పట్టవలసిన మనిషి ఈ వ్యాసం రాసిన నేను. నేను అక్కడ లేను.”

ఎడిటర్ మర్యాదగా జవాబు రాశాడు. మొదటి వాక్యం చాలు, తక్కిన రెండూ శాస్త్రానికి అనవసరం, తీసేయమంటారా అని అడిగాడు.

ఉంచమన్నాను.